కంభంలో కనుమ

కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా. ఆ ఏడు కనుమకి మేము కంభంలో ఉన్నాం. సైకిళ్లు తొక్కే కాలేజీ పిల్లోళ్లు ముప్పై నలభై మంది, వాళ్ల లెక్చరర్ సారు, వెనకాల ఒక మెటడార్ వ్యాను, ఆ వ్యానులో మేము నలుగురం. రొంత ఇటు జరగండి, పొగ అటు మళ్లింది. దుప్పటి కొంగు చూసుకో నాయనా, మంటకి దగ్గరుంది. సైకిల్ తొక్కినోళ్ల సంగతి మీరు వినే ఉంటారు, మీ పెద్ద తాత పండగ పండగకీ చెప్తాడు. నేను వ్యానులో పోయిన నలుగురి సంగతి చెప్తా.

ముందు ఆ సైకిళ్లు ఎందుకు కదిలినాయో చెప్పాల. 1977 నవంబరు 19, శనివారం. కృష్ణ పులిగడ్డ దగ్గర రెండు పాయలై సముద్రానికి పోతుంది. ఆ పాయల నడుమ ఉండే నేలే దివిసీమ. ఆ పొద్దు తుఫాను ఆ సీమ మీద పడింది. గాలికే ఇండ్ల కప్పులు లేచిపోయినాయంట, ఆ గాలి వెనకాలే సముద్రం లేచొచ్చింది. ఇరవై అడుగులకు దగ్గర ఎత్తున ఉప్పెన. నాగాయలంక అవతల సొర్లగొంది, హంసలదీవి, అట్లాంటి ఊర్లు తెల్లారేసరికి ఊర్లుగా లేవు. సర్కారు లెక్కలోనే పది వేల మంది పోయినారు. గొడ్లు ఎన్ని పోయినాయో లక్షల్లో చెప్పినారు. వరి కోతకొచ్చిన కాలం అది. కంకి మీదున్న పైరు ఉప్పునీళ్లలో పండుకుంది. ఆ ఏడు సంక్రాంతికి కొత్తబియ్యం వండుకోవడానికి ఆడ ధాన్యమూ లేదు, చానా ఇండ్లల్లో వండే ఆడోళ్లూ లేరు.

మాది అనంతపురం. వాన పడక ఏడ్చే సీమ మాది, నీళ్లొచ్చి మునిగిన సీమ వాళ్లది. పేపర్లో ఫోటోలు చూసి మా టవర్ క్లాక్ కాడ మనుషులు మాట రాక నిలబడిపోయినారు. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి ఊరూరా తిరిగిన దినాలు అవి. సినిమా తెర మీద చూసే మనుషులు వీధిలోకొచ్చి చెయ్యి చాపితే, ఇయ్యనోడు ఎవడు? మా కాలేజీ పిల్లోళ్లకి కూడా కడుపులో ఏదో కదిలింది. సంక్రాంతి సెలవులకి ఇండ్లకి పోము, అనంతపురం నుంచి దివిసీమ దాకా సైకిళ్ల మీద పోతాం, దోవలో ఊరూరా అడుక్కోని, అడుక్కున్నది అడుక్కున్నట్లు ఆడ ఇచ్చి వస్తాం అన్నారు. బస్సులో పోరాదా అని ఎవరో అంటే సారు చెప్పిన మాట నాకు ఇప్పటికీ బాగుంటుంది. బస్సు రోడ్డు మీద ఆగుతుంది, సైకిలు ఇంటి ముందర ఆగుతుంది అన్నాడు.

దోవ చూడండి. తాడిపత్రి, బనగానపల్లె, నంద్యాల, ఆమీద నల్లమల దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం, వినుకొండ, నరసరావుపేట, గుంటూరు, బెజవాడ, ఆడి నుంచి అవనిగడ్డ. సుమారు ఐదు వందల కిలోమీటర్లు. లోపలి ఊర్లకి పోయి వచ్చేది వేరే. ఊర్లోకి పోతానే ఇద్దరు పిల్లోళ్లు పంచె నాలుగు కొసలు పట్టుకోని ముందర నడుస్తాండ్రి. ఒకడు డప్పు మాదిరి చేతికి దొరికిన రేకుడబ్బా కొడతాండె. జనం ఏమిచ్చినారంటే, ఉన్నది ఇచ్చినారు. జొన్నలు, కొర్రలు, చెనక్కాయలు, ఎండు మిరపకాయలు, పాత చీరలు, ఇత్తడి చెంబులు, రూపాయి, అర్ధరూపాయి. కరువు సీమలో ముసిలమ్మ ఒక శేరు కొర్రలు ఇస్తే అది ఎంత పెద్ద ఇవ్వడమో మా వ్యాను డ్రైవరుకి బాగా తెలుసు, ఆ మూట దించేటప్పుడు కింద ఒక గింజ కూడా పడనీడు. చెనక్కాయలు మండీలో అమ్మి డబ్బు చేస్తాండ్రి. ధాన్యం, బట్టలు మూటలు కట్టి రైలుకి బెజవాడకి బుక్ చేస్తాండ్రి. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం మీదుగా గుంటూరు దాకా మీటర్ గేజి లైను ఉండె. మేము పోయే రోడ్డు వెంబడే అది కూడా వస్తాండె.

ఇంక మా నలుగురు. వ్యాను ఒక నూనె మిల్లు షావుకారుది, డ్రైవరు సాయిబన్న. ఐదు పూటలా నమాజు తప్పడు, బీడీ తాగడు. వంట మామ కాలేజీ హాస్టల్లో వంట చేసేటోడు, ఎంతమందికైనా కంటి చూపుతో ఉప్పు వేసే మనిషి. మూడో ఆయన కాంపౌండరు, ముసిలాయన, టింక్చరు, దూది, జెన్షన్ వయొలెట్, అమృతాంజనం డబ్బాలు ఒక ట్రంకుపెట్టెలో పెట్టుకోని వచ్చినాడు. నాలుగోవాణ్ణి నేను. సైకిల్ షాపులో పని చేస్తాంటి, పెండ్లి కాలేదు, మా ఓనరు సెలవిచ్చి పాత సామానులు ఒక గోనెసంచి నిండా ఇచ్చి పంపినాడు.

ఆ కాలం సైకిళ్లు మీకు తెలీదు. గేర్లు లేవు, ఏమీ లేవు. హీరో, అట్లాస్, హెర్క్యులిస్, ఒకటో రెండో రాలీలు. ఇరవై ఎనిమిది ఇంచుల చక్రం, రాడ్డు బ్రేకులు, ఒక్కొక్కటి ఇరవై కేజీలకు పైమాటే. వాటిలో సగం అడిగి తెచ్చుకున్నవి. ముందు చక్రానికి ముప్పై రెండు పుల్లలు, వెనక చక్రానికి నలభై. బరువంతా వెనకే పడుతుంది కాబట్టి వెనక ఎనిమిది ఎక్కువ పెట్టినారు. మా పిల్లోళ్లు ఆ నలభై పుల్లల మీద వాళ్ల బరువు కాక జొన్నల మూట కూడా క్యారియర్ మీద కట్టుకుంటాండ్రి. వ్యాను కోసం ఆగకుండా ఊర్లో ఇచ్చింది ఊర్లోనే ఎత్తుకోని వస్తాండ్రి. పుల్లలు తెగక ఏం చేస్తాయి? ఒక పుల్ల తెగితే పక్క పుల్లల మీద బరువు పడుతుంది, రిమ్ము వంకర పోతుంది, వంకర పోయిన రిమ్ము బ్రేకు రబ్బరుకి తగులుకుంటుంది, ఎంత తొక్కినా సైకిలు ముందుకు రాదు. పిల్లోడు నా కాళ్లలో బలం లేదనుకుంటాడు. చక్రం వంకర అని వాడికి తెలీదు.

నేను రాత్రి పూట పని చేస్తాంటి. వాళ్లు తిని పండుకున్నాక పెట్రోమాక్స్ లైటు కింద పంచర్లు. తుమ్మ ముండ్లు, పల్లేరుకాయలు. ట్యూబు ఊడదీసి, నీళ్ల బేసిన్లో ముంచి, బుడగ యాడ వస్తాందో చూసి, గీకి, సొల్యూషన్ పూసి, పాత ట్యూబు ముక్క అతికించి కొట్టాల. దాని తర్వాత వాల్ ట్యూబులు మార్చేది, చైన్లు బిగించేది, పెడల్ ఆడుతాంటే కాటర్ పిన్ను కొట్టేది. నేను పండుకునే టయానికి వంట మామ లేస్తాండె. మూడు రాళ్లు చూసుకోని పొయ్యి పెట్టి, తెల్లారేలోపల ఉగ్గాణి కలిపేస్తాండె. పిల్లోళ్లు తిని బయల్దేరితే గిన్నెలు తోమి, సర్ది, సాయిబన్న వ్యాను తీసుకోని ముందుకు పోయి మధ్యాన్నం నీడ చూసుకోని మళ్లా పొయ్యి. మూటలు వ్యానులో ఉంటాయి కాబట్టి సాయిబన్న రాత్రి స్టీరింగు మీదే తల పెట్టుకోని పండుకుంటాండె. కాంపౌండరు అందరి పాదాలు చూసినాకే తన పాదాలు కడుక్కుంటాండె.

గాజులపల్లె దాటినాక అడవి మొదలైంది. పచ్చర్ల, దిగువమెట్ట. ఎక్కేటప్పుడు అందరూ దిగి తోసుకుంటూ నడిచినారు. దిగేటప్పుడు రాడ్డు బ్రేకులు నొక్కి నొక్కి రబ్బర్లు అరిగి ఇనుము రిమ్ముని గీకే కాడికి వచ్చింది. నేను ప్రతి మలుపు కాడా నిలబెట్టి రబ్బర్లు చూసినా. అరిగినోణ్ణి సైకిలుతో సహా వ్యానులోకి ఎక్కించినా. కోపం చేసుకున్నారు కొందరు, తొక్కాలని వచ్చినాం అన్నారు. సాయిబన్న కిందికి దిగొచ్చి, మీ అమ్మకి నేను చెప్పుకోవాల్సి వస్తుంది నాయనా అన్నాడు. ఇంక మాట లేదు.

సంక్రాంతి నాటి సాయంత్రం కంభం చేరినాం. అది కూడా శనివారమే. ఉప్పెన వచ్చి సరిగ్గా ఎనిమిది వారాలు. సారు ఆ మాట చెప్పి, అన్నం ముందర అందరినీ రొంతసేపు నిలబెట్టినాడు. పండగ సెలవులకి బడి ఖాళీగా ఉండె, ఆ బడిలో దిగినాం. మరుసటి పొద్దు కనుమ. కనుమ నాడు పొలిమేర దాటితే ఊరికి మంచిది కాదని ఊరి పెద్దలు వచ్చి చెప్పినారు. కాళ్లు బొబ్బలెక్కిన పిల్లోళ్లకి ఆ మాట అమృతం. సారు కూడా సరేనన్నాడు. రేపు సెలవు అన్నాడు.

ఎవరికి సెలవు?

వంట మామ ఆ పొద్దు కూడా చీకట్లోనే లేచినాడు. అందరూ ఉంటే ఇంకా ఎక్కువ వండాల కదా. నాకైతే అదే దొరికిన పొద్దు. చక్రాలన్నీ విప్పి, హబ్బులు కడిగి, బాల్సులు మార్చి, గ్రీసు పెట్టాల. మార్కాపురం అవతల అట్లాంటి తీరిక మళ్లా దొరకదు. సైకిళ్లు తలకిందులుగా నిలబెట్టుకోని కూర్చున్నా. సాయిబన్న వ్యాను కిందికి దూరినాడు. బడి గోడ అవతల ఒక రైతు ఇల్లు. ఆయన తన ఎద్దుల్ని కడగడానికి చెరువుకి తోలుకోని పోతా మా దిక్కు చూసినాడు. వసారాలో పిల్లోళ్లు నిద్ర, బయట మేము నలుగురం పని. చూసి ఏమీ అనకుండా పోయినాడు. ఎద్దుల్ని కడిగి తెచ్చి, కొమ్ములకి రంగు పూసి, మెడకి గంటల పట్టెడ కట్టి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లా మా దిక్కు వచ్చినాడు. సారు పండ్లు తోముకుంటాన్నాడు. ఆయన్ని అడిగినాడు: "పిల్లోళ్లకి సెలవిచ్చినారు, మంచిదే. మరి వీళ్ల కాడి ఎప్పుడు దించుతారయ్యా?"

సారు నోట్లో యాపపుల్ల అట్లే ఉండిపోయింది. ఆ రైతు కోపంగా అడగలేదు. కనుమ నాడు పని చేసే జీవానికి కాడి దించాల, అది ఆయనకి తెలిసిన సంగతి, ఈడ దించకుండా ఉంటే ఎందుకని అడిగినాడు, అంతే. సారు పోయి పిల్లోళ్లని లేపినాడు. ఏం చెప్పినాడో నాకు వినపడలేదు గానీ రొంతసేపటికి ఒకడు వచ్చి నా చేతిలో పానా తీసుకున్నాడు. ఇంకొకడు వంట మామ చేతిలో గరిటె లాక్కున్నాడు. సాయిబన్న కాళ్లు పట్టుకోని వ్యాను కింద నుంచి బయటికి లాగినారు.

ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో ఆ పొద్దు చూసినా. వంట మామని అరుగు మీద కూర్చోబెట్టినారు. ఆయన చేతులు ఆగవు. పొయ్యిలో కట్టె కొంచెం బయటికొస్తే లేస్తాడు, పిల్లోళ్లు మళ్లా కూర్చోబెడతారు. సంగటి చేస్తామన్నారు. ఎసరు కాగక ముందే పిండి పోసినారు, ఉండలు కట్టింది. కెలికే కట్టె పట్టుకోని ఇద్దరు చెమటలు కక్కినారు. పక్క ఇండ్ల ఆడోళ్లు గోడ మీది నుంచి చూసి, అట్ల కాదు నాయనా, అడుగు నుంచి కెలుకు, మంట తగ్గించు అని చెప్తాండ్రి. కడకి ఒక అవ్వ లోపలికే వచ్చి కూర్చుంది. అయినా గరిటె మాత్రం పిల్లోళ్ల చేతిలోనే ఉంచింది. అది ఆమె గొప్పతనం.

మొదటి విస్తరి వంట మామకి వేసినారు. ఎన్నేండ్ల నుంచి హాస్టల్లో వండుతాండో, ఎప్పుడూ అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే మనిషి. ఉండలు కట్టిన సంగటి, పక్కింటి వాళ్లిచ్చిన కోడికూర, మినప గారెలు. కనుమ నాడు మినుము తినాలంటారు కదా, కంభంలో ఏ ఇంటి నుంచైనా గారెలే వచ్చినాయి. మామ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అందరూ ఆయన మొహం దిక్కే చూస్తాన్నారు. మారు వడ్డించు అన్నాడు. అంతే అన్నాడు. ఆ పిల్లోళ్ల మొహాలు చూడాల్సింది మీరు.

సాయిబన్నకి వేపచెట్టు కింద నులకమంచం వేసినారు. వ్యాను కాడ ఇద్దరు పిల్లోళ్లు కాపలా కూర్చున్నారు, మూటలు లెక్కపెట్టి ఆయనకి చెప్పి మరీ కూర్చున్నారు. ఆయన నడుం వాల్చినాడో లేదో నిద్ర. మధ్యలో నమాజుకి లేచినాడు, మళ్లా పండుకున్నాడు. పొద్దు వాలేదాకా ఆ వీధి ఆడోళ్లు పిల్లల్ని ఆ చెట్టు దిక్కు రానీలేదు. డ్రైవరు పండుకున్నాడు, అరవొద్దు అంటాండ్రి. కొందరు కాంపౌండరుని అడిగినారు, ఆయనకి ఒంట్లో బాగలేదా అని. బాగానే ఉందమ్మా, నిద్ర బాకీ అన్నాడు ఆయన.

కాంపౌండరుకి మాత్రం పూర్తి సెలవు దొరకలేదు. బొబ్బలకి పండగ లేదు కదా. కానీ ఒక పిల్లోడు వేడినీళ్ల బకెట్టు తెచ్చి ఆయన పాదాలు అందులో పెట్టించినాడు, ఆయన డబ్బాలోని అమృతాంజనమే తీసి ఆయన మోకాళ్లకే రాసినాడు. ఆ అమృతాంజనం చేసిన కాశీనాథుని నాగేశ్వరరావు కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన మనిషి, ఆంధ్రపత్రిక పెట్టింది ఆయనే. 1893లో బొంబాయిలో మొదలైన మందు అది. మనం పోయేది ఆయన జిల్లాకే అని కాంపౌండరు ఆ పిల్లోడికి చెప్పినాడు. చదువుకున్న పిల్లోడే, ఆ సంగతి వాడికి తెలీదు.

నా సంగతికి వస్తా. పానా తీసుకున్న పిల్లోడు చెయిను విప్పినాడు గానీ చక్రం బెండు తియ్యడం వాడికెట్ల వస్తుంది? బజార్లో సైకిల్ షాపు ఉంది అని ఎవరో చెప్తే పోయినా. పండగకి మూసినాడు. వెనకే ఇల్లు. కనుమ పూట తలుపు తట్టినానని ఆయన ఏమనుకుంటాడో అని నిలబడితే, ఆయనే బయటికొచ్చి నా చేతులు చూసినాడు. గ్రీసు చూస్తే మాకు పరిచయం అక్కర్లేదు. ఎన్ని చక్రాలు అని అడిగినాడు. చెప్పినా. తన కొడుకుని పిలిచినాడు, షాపు తలుపు తీసినాడు, నన్ను పక్కకి నెట్టి కుర్చీలో కూర్చోబెట్టినాడు. నువ్వు ముట్టుకోవద్దు, నేను కూడా విన్నాను మీ సంగతి అన్నాడు.

ఆయన పనితనం చెప్పకుండా ఉండలేను. మేమంతా చక్రం తిప్పి, ఫోర్కు కాడ వేలు పెట్టి, గోరుకి తగిలిన కాడ బెండు చూస్తాం. ఆయన ముందర పుల్లల్ని ఒక్కొక్కటి వేలితో మీటుతాండె. బిగువైన పుల్ల ఒక శబ్దం, వదులైన పుల్ల ఇంకో శబ్దం. నలభై పుల్లలు మీటి, యాడ తప్పిందో చెవితోనే పట్టి, కీ తీసుకోని అర చుట్టు ఈడ, పావు చుట్టు ఆడ. వంకర తీసేటప్పుడు ఒక పక్క బిగిస్తే అవతలి పక్క అంతే వదలాల, లేకుంటే చక్రం కోడిగుడ్డు ఆకారం అయితుంది. అది మాకూ తెలుసు. కానీ ఆయన చేసినాక తిప్పితే ఆ రిమ్ము కదలకుండా నిలబడినట్లు కనపడింది. నా పని అంతా ఆ పొద్దు నుంచి మారింది. ఇప్పటికీ నేను చెవితోనే చూస్తా, మీరు చూసినారు కదా. మా పిల్లోళ్లు నలుగురైదుగురు ఆయన చుట్టూ కూర్చోని నేర్చుకున్నారు. పుల్లలు, బాల్సులు, రబ్బర్లు ఎంత అయినాయో లెక్క చెప్పమని సారు అడిగితే, దివిసీమ లెక్కలో రాసుకోండి అన్నాడు.

మధ్యాన్నం నన్ను చెరువు దిక్కు తీసకపోయినారు, నీళ్లు పోసుకోమని. కంభం చెరువు చూసినారా మీరెవరైనా? చూడాల. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ ఇరుకు సందులో పారుతుంది. ఆ సందుకి అడ్డంగా కట్ట వేసినారు, అంతే. కట్ట చిన్నది, నీళ్లు చూస్తే కంటికి ఆనవు. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. మా సీమలో రాజులు కట్టించిన గుళ్ల కంటే ఆ చెరువే గొప్పదని నేనంటా, ఎవరేమన్నా అనుకోనీ. ఇన్ని వందల ఏండ్ల తర్వాత కూడా దాని నీళ్లతో పైరు పండుతాంది. అప్పటికి కంభం కర్నూలు జిల్లా విడిచి ప్రకాశం జిల్లాలో చేరి ఎనిమిదేండ్లే, ఊర్లో ముసిలోళ్లు ఇంకా మాది కర్నూలే అంటాండ్రి. ఆ చెరువులోనే మా పిల్లోళ్లు సైకిళ్లన్నీ కడిగినారు. కడిగి, ఆ రైతు ఎద్దుల్ని చూసినారు కదా, హ్యాండిళ్లకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూలు కట్టినారు. బెల్లు ఉన్న సైకిళ్లన్నీ మోగించుకుంటా ఊర్లోకి వచ్చినారు. మెటడారుకి కూడా ఒక దండ వేసినారు. సాయిబన్న నిద్ర లేచి ఆ దండ చూసి, రొంతసేపు దాన్నే చూస్తా నిలబడినాడు. అవనిగడ్డ దాకా అది వాడిపోయినా తీయలేదు.

సాయంత్రం బడి ముందర పంచె పరిచినాం. పండగ పూట అడగకూడదని సారు అనుకున్నాడు గానీ జనమే వచ్చినారు. ఆడోళ్లు పండగకని కొనుక్కున్న కొత్త చీరలు తెచ్చిచ్చినారు. మడత విప్పలేదు. ఒకామె, పాతది ఇస్తే పాతది కట్టుకున్నట్లే ఉంటుంది వాళ్లకి, పండక్కి కొత్తది కట్టుకోవాల అనింది. అప్పటికే పండగ అయిపోయింది, వీళ్లు చేరేసరికి ఇంకా ఎన్ని దినాలైతుందో. ఆమెకి ఆ లెక్క పట్టలేదు.

కడాన ఆ రైతు వచ్చినాడు. సారు కాడికి కాదు, మా నలుగురి కాడికి వచ్చినాడు. ఆడ ఎద్దులున్నాయా అని అడిగినాడు. సాయిబన్న నిజం చెప్పినాడు, పేపర్లో చదివినట్లే చెప్పినాడు, గొడ్లన్నీ కొట్టుకపోయినాయన్నా అని. ఆయన చానాసేపు మాట్లాడలేదు. మనుషులు పోయిన సంగతి ఆయనకి ముందే తెలుసు, దానికి ఏడ్చే ఉంటాడు. ఎద్దులు లేని ఊరు ఎట్లుంటుందో ఆయనకి ఊహకి రాలేదు. ఇంట్లోకి పోయి, పొద్దున తన ఎద్దుల మెడలో కట్టిన గంటల పట్టెడలు రెండూ విప్పుకోని వచ్చినాడు. తోలు కొత్తది, గంటలు ఇత్తడివి. ఆడ ఎవడైనా ఎద్దుల్ని కొనుక్కుంటాడు కదా, వాడికియ్యండి అన్నాడు. సారుకి ఇస్తే లెక్కలో రాసి ఎక్కడో పెడతారు, మీరైతే మనిషిని చూసి ఇస్తారు అన్నాడు. సాయిబన్న వాటిని మూటల్లో పెట్టలేదు. తన సీటు కింద పెట్టుకున్నాడు.

మరుసటి పొద్దు చీకటితో కదిలినాం. మార్కాపురం దోవలో ఒక్క పుల్ల తెగలేదు. ఆ దినం నుంచి సారు ఒక పద్ధతి పెట్టినాడు. రోజూ ఇద్దరు పిల్లోళ్లు సైకిలు ఎక్కకుండా వ్యానులో వస్తారు, ఒకడు మామకి, ఒకడు నాకు. మొదట్లో తొక్కేది పోతాందని గునిసినారు. వినుకొండ దాటేసరికి ఆ వంతు కోసం కొట్లాడుకుంటాండ్రి. సంగటి ఉండలు కట్టడం కూడా ఆగిపోయింది.

దివిసీమ చూసిన సంగతి ఇప్పుడు చెప్పను. చిన్నపిల్లలు ఉన్నారు ఈడ. ఇంకో రాత్రి, మీరు రొంత పెద్దయినాక. మొండి తాటిచెట్లు, తెల్లగా ఉప్పు పేరుకున్న మళ్లు, గుడారాలు. ఇచ్చేది ఇచ్చినాక పిల్లోళ్లు కాలేజీ తెరుస్తారని బెజవాడలో రైలెక్కినారు. మేము నలుగురం ఇంకా రొంత వెనకబడినాం. సాయిబన్న సీటు కింద పట్టెడలు ఇంకా ఉన్నాయి. ఎద్దులున్న మనిషి కోసం నాగాయలంక దిక్కు ఊర్లు తిరిగినాం. ఒక ఊర్లో ఎవరో దాతలు ఇప్పించిన జత కట్టుకోని ఒకాయన ఉప్పు నేల దున్నుతాన్నాడు. మడక ఆపి, పట్టెడలు చేతిలో పట్టుకోని, ఎవరిచ్చినారని అడిగినాడు. కంభం రైతు అని చెప్పినాం. కంభం యాడుందో ఆయనకి తెలీదు. నల్లమల పక్కన అని కాంపౌండరు చెప్పినాడు. ఆయన అక్కడే, మడక కాడే, వాటిని కట్టినాడు.

తిరుగుదోవలో పిల్లోళ్లు లేరు, తొందర లేదు. కంభంలో ఆపినాం. రైతు చేనికి పోయినాడు, ఇంట్లో ఆయన పెండ్లాం ఉంది. మమ్మల్ని చూస్తానే గుర్తుపట్టింది. మామకి, సాయిబన్నకి మజ్జిగ ఇచ్చింది. ఇచ్చినారా అని అడిగింది. ఇచ్చినాం అక్కా, కట్టేది చూసినాకే వచ్చినాం అని సాయిబన్న అన్నాడు. ఆమె రొంతసేపు ఆలోచన చేసి, ఎద్దులు ఏ రంగువి, వయసులో ఉన్నాయా అని అడిగింది. సాయంత్రం ఆయన రాగానే మొదట అదే అడుగుతాడంట. ఒకటి తెల్లది, ఒకటి మైల రంగుది, రెండూ వయసు గొడ్లే, మెడలు బలంగా ఉన్నాయి, పట్టెడలు సరిగ్గా సరిపోయినాయి అని చెప్పినాం.